ఒక అడుగుకు నలభై అడుగులు

కృష్ణకు వరద వచ్చినప్పుడల్లా మనం ఒక మాట వింటూ ఉంటాం: "ఇన్ని టి.యం.సి.ల నీరు వృథాగా సముద్రం పాలయింది!" నిజంగా అదంతా వృథాయేనా? పులిగడ్డ దిగువన, కృష్ణ చీలికల మధ్య సముద్రాన్ని ఆనుకొని ఉన్న దివిసీమలాంటి చోట్ల దీనికి జవాబు బావిలో దొరుకుతుంది. తీరాన ఇసుక నేలలో తవ్విన బావిలో తియ్యని నీరు పడుతుంది. ఆ బావినే ఇంకా లోతు చేస్తే ఉప్పునీరు తగులుతుంది. ఎందుకని?

ముందుగా ఒక చిన్న ప్రయోగం చెయ్యండి. గాజు గ్లాసులో సగానికి నీళ్లు పోసి, మూడు చెంచాల ఉప్పు కరిగించి, రెండు చుక్కల నీలం సిరా కలపండి. నీటికి తాకీ తాకనట్లు ఒక చెంచా పట్టుకొని, దాని మీదుగా మంచినీటిని సన్నని ధారగా పొయ్యండి. తొందరపడితే రెండూ కలిసిపోతాయి. (తరగతిలో మొదటిసారి చేసి చూపినప్పుడు నాకూ కలిసిపోయాయి. పిల్లలు నవ్వారు.) నిదానంగా పోస్తే అడుగున నీలం నీరు, దాని మీద రంగులేని మంచినీరు విడివిడిగా నిలుస్తాయి.

సముద్రతీరాన నేల కింద జరిగేదీ ఇదే. వాననీరు, కాల్వల నీరు, నది నీరు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటాయి. ఎంత మందాన? సముద్రపు నీటి సాపేక్ష సాంద్రత 1.025. నలభైని 1.025తో హెచ్చవేస్తే 41 వస్తుంది. అంటే 40 అడుగుల ఉప్పునీటి స్తంభమూ, 41 అడుగుల మంచినీటి స్తంభమూ సరిగ్గా తూగుతాయన్నమాట. కనుక బావిలో నీటిమట్టం సముద్రమట్టం కన్నా ఒక అడుగు ఎత్తున ఉంటే, సముద్రమట్టానికి దిగువన 40 అడుగుల దాకా మంచినీరే ఉంటుంది. ఈ సంగతిని 19వ శతాబ్దం చివర ఘైబెన్ అనే డచ్చి ఇంజనీరు, 1901లో హెర్జ్‌బర్గ్ అనే జర్మన్ ఇంజనీరు విడివిడిగా కనుగొన్నారు.

ఇప్పుడు లెక్కను తిరగవెయ్యండి. మోటార్లు పెట్టి తోడి, మంచినీటి మట్టాన్ని ఒక్క అడుగు దించామనుకోండి. అడుగున ఉప్పునీరు 40 అడుగులు పైకి జరుగుతుంది! ఇది ఒక్కరోజులో జరిగేది కాదు. బంకమట్టి పొరలు అడ్డుపడతాయి, ఏళ్లు పట్టవచ్చు. కాని ఒకసారి ఉప్పెక్కిన ఇసుకను తిరిగి కడగడానికీ ఏళ్లే పడుతుంది.

భూగోళం వేడెక్కుతున్న కొద్దీ ఈ తూకం ఇంకా చెడుతున్నది. 1901 నుంచి 2018 దాకా ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. నేల ఎత్తుగా ఉన్నచోట మంచినీటి మట్టమూ దానితోపాటు లేస్తుంది. పల్లపు డెల్టాలో లేవడానికి చోటేదీ? పైకి వచ్చిన నీరు మురుగు కాల్వల్లోకి జారిపోతుంది. పైగా, డెల్టాను పెంచే ఒండ్రులో చాలా భాగం ఎగువ జలాశయాల్లోనే ఆగిపోతున్నది.

వానల తీరూ మారుతున్నది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. ఆ ఆవిరి కుండపోతగా కురుస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బారేజికి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. ఆ వేగంతో ఒక రోజు పారితే దాదాపు 95 టి.యం.సి.లు. బారేజి వెనుక నిలిచేది 3 టి.యం.సి.లే! సెప్టెంబరులో అలా పరుగెత్తిపోయిన నీరు ఏప్రిల్‌లో ఉప్పును ఆపలేదు.

ఏప్రిల్‌లో ఆపవలసింది నదిలో కూడా. పోటు వచ్చినప్పుడు సముద్రపు నీరు నది అడుగుభాగాన ఎగువకు చొరబడుతుంది. పైనుంచి పారే మంచినీరే దాన్ని వెనక్కు నెడుతుంది. ముఖద్వారం దగ్గరి మడ అడవులు ఉప్పుకు ఓర్చుకుంటాయి గాని, మంచినీరు బొత్తిగా అందకపోతే నేలలో ఉప్పు పేరుకొని అవీ గిడసబారతాయి. ఆ వేళ్ల మధ్యనే రొయ్యపిల్లలు పెరుగుతాయి, చేపలు పట్టే బావురుపిల్లి తిరుగుతుంది. అలల బలాన్ని తగ్గించేవీ ఆ చెట్లే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన దివిసీమకు దాని విలువ వేరే చెప్పాలా?

కాబట్టి వేసవిలో నదిలోకి వదిలే కొద్దిపాటి నీటిని వృథా పద్దులో రాయడం తప్పని నా అభిప్రాయం. ఎగువ రైతుకు నీరు వద్దని కాదు, పంపకాల లెక్కలో నదికీ ఒక వాటా ఉండాలని. మురుగు కాల్వల చివర పోటును ఆపే తలుపులు, కాల్వ చివరి ఊళ్లలో నిండే చెరువులు, ఒక లోతైన బోరుకు బదులు తక్కువ లోతున నాలుగు బావులు కూడా కావాలి. ఎండిన మడ నేలల్లో చేపముల్లు ఆకారంలో చిన్న కాల్వలు తవ్వి, పోటునీరు వచ్చిపోయేలా చేసి, మన రాష్ట్రంలో మొక్కలను తిరిగి పెంచారు.

మీది తీరప్రాంతమైతే మీ బావిని మీరే పరీక్షించవచ్చు. ప్రయోగశాలలో, మాస్టారి ఎదుట, ఒక లీటరు నీటిని ఇగిరేదాకా మరిగించి మిగిలినదాన్ని తూచండి. సముద్రపు నీరైతే దాదాపు 35 గ్రాములు మిగులుతుంది. తాగేనీటిలో 2 గ్రాములు మించరాదని భారతీయ ప్రమాణం. సంక్రాంతికి ఒకసారి, మే నెలలో ఒకసారి తూచి, రెండు అంకెలూ పక్కపక్కన రాసి ఉంచండి.