ఎర్రదీపం వెలిగితే బండి ఆపాలి
పాల వాహనాల బ్రేకుల గురించి సభ్యులు తెలుసుకోవలసిన విషయాలు

పితికిన పాలు ఆలస్యమైతే విరుగుతాయని సభ్యులకు వేరుగా చెప్పనవసరం లేదు. అందుకే పూటపూటా పాలు వేళకు శీతల కేంద్రానికి చేరాలన్న తొందర ఉంటుంది. ఈ తొందరలో డాష్‌బోర్డు మీద వెలిగిన చిన్న దీపాన్ని చూసీ చూడనట్లు నడిపే డ్రైవర్లు ఉన్నారు. విరిగిన పాల నష్టాన్ని సంఘం ఎట్లాగో పూడ్చుకుంటుంది. బండి కాలువలో పడి మనిషి పోతే ఆ నష్టం పూడేది కాదు. కనుక రూటు వాహనానికైనా, సభ్యుల సొంత కారుకైనా పనికివచ్చే నాలుగు ముఖ్య విషయాలు ఇక్కడ వివరిస్తున్నాము.

దీపాల రంగులు

ఎరుపు అంటే వెంటనే ఆపమని. పసుపు అంటే నెమ్మదిగా వెళ్ళి త్వరలో మెకానిక్కుకు చూపించమని. ఆకుపచ్చ, నీలం దీపాలు ఫలానా లైటు వెలుగుతున్నదని తెలిపేవి మాత్రమే.

ఎరుపులో ముఖ్యమైనవి నాలుగు. నూనె డబ్బా బొమ్మ వెలిగితే ఇంజనులో ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని అర్థం. ఇంజను వెంటనే ఆపాలి. థర్మామీటరు బొమ్మ ఇంజను మితిమీరి వేడెక్కిందని చెబుతుంది. అది చల్లారే వరకు రేడియేటరు మూత తీయరాదు. బ్యాటరీ బొమ్మ ఛార్జింగు ఆగిందని తెలుపుతుంది. నాలుగవది, గుండ్రని గీత మధ్య ఆశ్చర్యార్థకం గుర్తు. ఇది బ్రేకు దీపం. చాలా వాహనాలలో హ్యాండ్ బ్రేకు వేసి ఉన్నా ఇదే వెలుగుతుంది. హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించినా ఆరకపోతే బ్రేకు ఆయిల్ తగ్గినదని అనుమానించాలి.

ఏ.బి.ఎస్. అని పసుపు దీపం వెలిగితే మామూలు బ్రేకు సాధారణంగా పనిచేస్తుంది. అయితే గట్టిగా తొక్కినపుడు చక్రాలు బిగుసుకొని బండి జారవచ్చు. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఈ ఏర్పాటు తప్పనిసరి అయినది. ఎర్ర బ్రేకు దీపం, ఇది రెండూ కలిసి వెలిగితే బండి కదపరాదు.

మరొక మాట. తాళం తిప్పగానే ఈ దీపాలు ఒకసారి వెలిగి ఆరాలి. అసలే వెలగని దీపాన్ని చూసి బండి బాగున్నదని సంతోషించరాదు. ఆ దీపమే పాడైయుండవచ్చు.

ఆయిల్ ఎందుకు తగ్గినది?

పెడల్ తొక్కినపుడు మాస్టర్ సిలిండరులోని ఆయిల్ గొట్టాల గుండా చక్రాల వద్దకు ఒత్తిడిని చేరుస్తుంది. ఆ ఒత్తిడికి ప్యాడ్లు డిస్కును, లైనింగులు డ్రమ్మును ఒరుసుకొని బండి ఆగుతుంది. ఈ ఆయిల్ ఇంజను ఆయిల్ వలె పనిలో ఖర్చయ్యేది కాదు. తగ్గినదంటే కారణాలు రెండే: ప్యాడ్లు అరిగి ఆయిల్ కిందికి దిగియుండాలి, లేదా ఎక్కడో కారుతూ ఉండాలి.

సంఘం నగదు పెట్టెలో లోటు కనబడితే పై నుంచి కొంత సొమ్ము వేసి పుస్తకం మూసివేయము గదా! లోటు ఎక్కడ వచ్చినదో చూస్తాము. ఇక్కడా అంతే. ఆయిల్ పోసి దీపం ఆర్పడం మరమ్మతు కాదు. చక్రాల లోపలి వైపు, గొట్టాల అతుకుల వద్ద తడి ఉన్నదేమో చూడాలి. ప్యాడ్ల మందం చూడాలి.

బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల సెంటీగ్రేడు లోపు మరగరాదని ప్రమాణం. తేమ 3.7 శాతానికి చేరిన ఆయిల్‌కు ఆ ప్రమాణం 140 డిగ్రీలే. మరిగితే ఆవిరి బుడగలు ఏర్పడి పెడల్ మెత్తగా కిందికి పోతుంది. నీరు కలిసిన పాలను మనం ఒప్పుకోము. నీరు చేరిన ఆయిల్‌నూ ఒప్పుకోరాదు. సాధారణంగా రెండేళ్ళకొకసారి మార్పించాలి. ఎప్పుడో మూత తీసి ఉంచిన డబ్బాలోది పోయరాదు. ఇంజను ఆయిల్ పోస్తే రబ్బరు వాషర్లు ఉబ్బి బ్రేకులే పోతాయి.

మన ప్రాంతపు ఇబ్బందులు

మచిలీపట్నం, నాగాయలంక, కోడూరు వైపు ఉప్పుగాలికి ఇనుప గొట్టాలు తుప్పు పడతాయి. వాటిని తరచు పరీక్షింపజేయాలి. గుడివాడ - కైకలూరు దారిలో చేపల వాహనాల నుంచి కారే నీరు, కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, గడ్డి బండిని జార్చుతాయి. వర్షాకాలంలో నీటిలోంచి దాటిన తరువాత నెమ్మదిగా నడుపుతూ బ్రేకును నాలుగైదుసార్లు తేలికగా అదిమి డ్రమ్ములు ఆరనివ్వాలి.

బరువు సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 40 లీటర్ల క్యాన్లు 20 ఉంటే పాల బరువే 820 కిలోలు దాటుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో డ్రైవరు కాలు బ్రేకు మీదికి చేరే ఒక్క సెకనులోనే బండి 11 మీటర్లు పోతుంది. వేగం రెండింతలైతే బ్రేకు పడిన తరువాత ఆగే దూరం నాలుగింతలవుతుంది. కాలువగట్ల మీద, కరకట్ట మలుపులలో అంత చోటు ఉండదు.

దారిలో పెడల్ కిందికి పోతే కంగారు పడరాదు. పెడల్‌ను గబగబా పలుసార్లు తొక్కాలి. ఒక్కొక్క గేరు తగ్గించాలి. హారను మోగిస్తూ హ్యాండ్ బ్రేకును కొద్దికొద్దిగా లాగాలి. ఇంజను ఆపి తాళం తీస్తే స్టీరింగు బిగుసుకొనే ప్రమాదం ఉన్నది.

సంఘాలకు మనవి

ప్రతి ఉదయం బండి కదిలే ముందు డ్రైవరు దీపాలు, ఆయిల్ మట్టం, పెడల్ గట్టిదనం, చక్రాల వద్ద తడి చూసి రిజిస్టరులో సంతకం చేయాలి. ఇందుకు ఐదు నిమిషాలు చాలు. వాహనం కాంట్రాక్టుదారుడిదైనా అందులో ఎక్కేది మన పాలు, మన ఊరి మనిషి. ఎర్రదీపం చూసి బండి ఆపిన డ్రైవరును ఆలస్యానికి మందలించరాదు. ఆ పూటకు మరొక బండి ఎక్కడ నుంచి వస్తుందో పాలకవర్గం ముందుగానే నిర్ణయించి ఉంచగలరు.