సెలవు దినములలో వేములవాడ

సెలవు దొరికినప్పుడు ఎక్కడికి పోవలెనని ఆలోచించినచో మన కుటుంబములలో మొదట తోచునది బంధువుల ఇల్లు. రెండవది తీర్చవలసిన మొక్కు. కేవలము విహారము కొరకే బయలుదేరుట మన పెద్దలకు అంతగా అలవాటు లేదు. అయినను వారు విహరింపలేదని చెప్పుటకు వీలులేదు. జాతర పేరిట, పుష్కరముల పేరిట, పిల్లవాని పుట్టువెంట్రుకల పేరిట బండ్లు కట్టుకొని, వంటపాత్రలు వెంట వేసుకొని, నాలుగు దినములు ఊరు దాటి ఉండి వచ్చెడివారు. దేవుని చూచుట, చెట్టునీడన వండుకొని తినుట, నాలుగు ఊళ్ళ మనుష్యులతో మాటాడుట, ఇవన్నియు ఆ ఒక్క ప్రయాణములోనే కలిసి ఉండెడివి.

పశ్చిమ దేశములలో ఈ అలవాటు వేరు విధముగా పెరిగినది. మధ్యధరా సముద్రతీరమున ఫ్రాన్సు దేశములో నీస్ అను పట్టణము కలదు. చలికాలము గడుపుటకు ఆంగ్లేయ ధనికులు అక్కడికి పోవుచుండిరి. వారు 1820 తరువాతి సంవత్సరములలో సముద్రపుటొడ్డున వేయించిన నడకబాట నేటికిని ఆంగ్లేయుల పేరనే పిలువబడుచున్నది. శతాధిక వర్షములు అది కలవారి వేడుకగానే ఉండెను. 1936లో ఫ్రాన్సు ప్రభుత్వము పనివారికి సంవత్సరమునకు రెండు వారములు జీతముతో కూడిన సెలవు ఇచ్చుచు చట్టము చేసిన పిమ్మట సామాన్యులును సముద్రమును చూడగలిగిరి. వారు అక్కడికి పోయి చేయునదేమి? నడచుట, నీటి ఒడ్డున కూర్చుండుట, పాత కోటలను, గుడులను చూచుట, ఆ ఊరి పనివారలు చేసిన వస్తువులను కొనుట, ఆ ఊరి వంట తినుట. ఆలోచించి చూచినచో ఇందులో సముద్రము లేనిదే సాగనిది ఏదియు లేదు. కావలసినది ఒక్కటే: ఒకచోట కొన్ని దినములు నిలిచి ఉండుట.

ఆ నిలుకడయే నేడు మనకు కొరవడినది. ఉత్తర తెలంగాణమున ఎములాడ రాజన్న అని ప్రజలు పిలుచుకొను రాజరాజేశ్వరస్వామిని దర్శించుటకు ఏటేటా లక్షల మంది పోవుదురు. తెల్లవారక ముందే బస్సు దిగి, తలనీలాలిచ్చి, స్నానము చేసి, దర్శనమై, మధ్యాహ్నమునకు తిరుగు బస్సు ఎక్కువారే వారిలో ఎక్కువ. మొక్కు తీరును, ఊరు మాత్రము చూడక మిగిలిపోవును. వేములవాడకు పోవువారు మూడు దినముల సెలవు పెట్టుకొని పోవలెనని మా సూచన. ఆ మూడు దినములను ఎట్లు గడుపవచ్చునో ఇచ్చట వివరించెదము.

వేములవాడ హైదరాబాదుకు సుమారు 150 కిలోమీటర్ల దూరమున, కరీంనగరునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున ఉన్నది. 2016లో ఏర్పడిన రాజన్న సిరిసిల్ల జిల్లాలోనిది. ఆదివారము, సోమవారము రద్దీ మిక్కుటము. మహాశివరాత్రికిని, మేడారము సమ్మక్క జాతరకు ముందు దినములలోను అడుగు పెట్ట చోటుండదు. సమ్మక్కను చూడబోవువారు ముందు రాజన్నను చూచి పోవుట ఆచారము. కనుక నెమ్మదిగా చూడగోరువారు వారము నడుమ, కార్తికమునకు పిమ్మట వచ్చు చలి దినములలో పోవుట మేలు. ఆలయ విస్తరణ పనులు సాగునప్పుడు దర్శనపు ఏర్పాట్లు మారుచుండును. బయలుదేరక ముందే విచారించుకొనవలెను.

మొదటి దినము ఊరికే కేటాయింపవలెను. ధర్మగుండములో స్నానము చేసి రాజరాజ నరేంద్రుడను రాజు కుష్ఠురోగము పోగొట్టుకొనెనని స్థలపురాణము చెప్పును. ఇచ్చటి మొక్కులలో విశేషమైనది కోడె మొక్కు. భక్తుడు కోడెదూడ పగ్గము చేతబట్టుకొని గుడి చుట్టు ప్రదక్షిణము చేసి దానిని స్వామికి కట్టివేయును. పిల్లలు ఈ దృశ్యమును ఎన్నటికిని మరువరు. పంట పండినను, సంతు కలిగినను, పశువులు బాగుండినను రైతు తనకు అన్నిటికంటె విలువైన దానినే దేవునికిచ్చెడివాడన్న మాట వారికి విడమరచి చెప్పవలెను.

ప్రాకారము లోపల శివునితోపాటు అనంతపద్మనాభస్వామికిని, సీతారామచంద్రస్వామికిని గుళ్ళున్నవి. అందుచే దీనిని హరిహరక్షేత్రమందురు. శ్రీరామనవమినాడు ఈ శివక్షేత్రమున సీతారామకల్యాణము జరుగును. ఆ నాడు శివపార్వతులను పేరుగల భక్తులు త్రిశూలములు చేతబట్టి వేలకొలదిగా వత్తురు. ఆలయ ఆవరణలోనే ఒక దర్గా కలదు. రాజన్నకు మొక్కినవారే అక్కడను మొక్కి పోవుట ఇచ్చట తరతరముల వాడుక. రాజన్న దర్శనమైన పిదప బద్ది పోచమ్మకు బోనము సమర్పించుటయు అట్టిదే. ఒక్క పూటలో ఇన్ని విధములైన మొక్కులను పక్కపక్కన చూడగల చోట్లు అరుదు.

సాయంకాలము భీమేశ్వరాలయమునకు పోవలెను. రాజన్న గుడి ముందు నిలుచు జనములో పదవ వంతు కూడ ఇచ్చట కనబడరు. చరిత్రకారులు దీనిని బద్దెగేశ్వరాలయముగా గుర్తించిరి. రాష్ట్రకూటులకు సామంతులై ఈ ప్రాంతమును ఏలిన వేములవాడ చాళుక్యులలో మొదటి బద్దెగుడు నలువదిరెండు యుద్ధములు గెలిచిన వీరుడనియు, వేంగీ చాళుక్య భీముని పట్టుకొనెననియు శాసనములు చెప్పును. ఆ బద్దెగుడు కట్టించిన గుడి ఇదియే. ఊరికి నాడు లేంబులవాటిక, లేములవాడ అను పేర్లుండెడివి. ఆ పేరు మారి మారి నేటి వేములవాడ అయినది. వేములవాడ భీమకవి ఈ ఊరివాడా, గోదావరి మండలములోని మరియొక వేములవాడ వాడా అని పండితులు వాదించుకొనిరి. భీమేశ్వరుని గుడి మెట్లమీద కూర్చుండి ఆ వాదమును మనమును కొంతసేపు సాగింపవచ్చును.

రెండవ దినము పొద్దుననే గంగాధర వైపు పోవలెను. దారిలో ఊరికి సమీపముననే నాంపల్లి గుట్టమీద లక్ష్మీనరసింహస్వామి ఆలయము, సర్పాకారముగా కట్టిన మందిరము కలవు. పైనుండి చూచినచో చుట్టునున్న చెరువులు, వరిపొలములు చక్కగా కనబడును. అటుపిమ్మట పోవలసినది కురిక్యాల గ్రామము. ఆ ఊరి గుట్టను ప్రజలు బొమ్మలగుట్ట అందురు. పూర్వము దానికి వృషభాద్రి అని పేరు. అక్కడ బండమీద జైన తీర్థంకరుల విగ్రహములు, చక్రేశ్వరీదేవి విగ్రహము చెక్కబడి, దిగువన ఒక శాసనము కలదు.

ఈ శాసనము సంగతి కొంత వివరముగా చెప్పుట అవసరము. వేములవాడ చాళుక్యులలో రెండవ అరికేసరి ఆస్థానమున పంప మహాకవి ఉండెను. కన్నడ భాషలో ఆదికవిగా పేరొందినవాడు, 941లో ఆదిపురాణమును రచించినవాడు, అరికేసరినే అర్జునునిగా భావించి విక్రమార్జున విజయమను భారతమును వ్రాసినవాడు ఇతడే. ఆ కావ్యమునకు మెచ్చి రాజు అతనికి ధర్మపురమను అగ్రహారమిచ్చెను. పంపని తమ్ముడు జినవల్లభుడు. వృషభాద్రిమీద జినబింబములను చెక్కించి, త్రిభువనతిలకమను బసదిని, కవితాగుణార్ణవమను చెరువును, మదనవిలాసమను తోటను ఏర్పరచి, ఆ సంగతులనెల్ల అతడు బండమీద వ్రాయించెను. కాలము సుమారు 945. సంస్కృతమున కొంత, కన్నడమున కొంత వ్రాయించి, తెలుగున మూడు కందపద్యములు చెక్కించెను.

నన్నయభట్టు రాజమహేంద్రవరమున భారతమును తెనిగించినది పదునొకండవ శతాబ్దమున. దానికి సుమారు నూరేండ్లకు ముందే, గోదావరికి ఈవల ఒక గుట్టమీద తెలుగు కందము నడక కుదిరి నిలిచియున్నదన్నమాట. కందము అల్లుట ఒక్కనాటి విద్య కాదు. రాతిమీదికి ఎక్కిన మూడు పద్యముల వెనుక నోటనే నిలిచి పోయిన పద్యములు ఇంకెన్ని ఉండెనో ఊహింపవలసినదే. 2008లో తెలుగునకు ప్రాచీనభాషా హోదా లభించినప్పుడు భాష ప్రాచీనతకు పండితులు చూపిన ఆధారములలో ఈ శాసనము ఒకటి. ఒకే బండమీద మూడు భాషలు ఇమిడియుండుట మరియొక విశేషము. నాటి చదువరులకు ఆ మూడును పరాయివి కావు. కన్నడిగులు తమ ఆదికవి తమ్ముని వ్రాత చూచుటకును, మనము మన తొలి కందములను చూచుటకును ఎక్కవలసిన గుట్ట ఒక్కటియే.

గుట్ట ఎక్కుటకు ఉదయము మంచిది. ఎండ ఏటవాలుగా పడు వేళలోనే రాతిమీది అక్షరములు కంటికి తెలియును. మిట్టమధ్యాహ్నము వెలుగు నేరుగా పడి గీతలు కలిసిపోవును. త్రాగునీరు వెంట తీసికొనిపోవలెను. అక్షరములు స్పష్టముగా కనబడుటకని సున్నమో పిండియో పూయుట, వేళ్ళతో రుద్దుట ఎంతమాత్రము తగదు. పిల్లలచేత ఆ అక్షరములను చూచి కాగితముమీద దింపించినచో వారికి ఒక పూట ఆటయు అగును, నేటి అక్షరము నాటి అక్షరము నుండి ఎట్లు వచ్చెనో తెలియును.

అక్కడి నుండి జగిత్యాల బాట పట్టినచో కొండగట్టు ఆంజనేయస్వామి కొండ తగులును. కొండల నడుమ మధ్యాహ్న భోజనమునకు అనువైన చోటు. ఓపిక ఉన్నవారు గోదావరి ఒడ్డున ధర్మపురి వరకు పోవచ్చును. పంపనికి దొరికిన అగ్రహారము ఈ ధర్మపురియేనని పలువురి అభిప్రాయము. నరసింహ శతకము వ్రాసిన శేషప్ప కవి ఊరు ఇది. లక్ష్మీనరసింహస్వామిని, ఆ ఆవరణలోని యమధర్మరాజును దర్శించి, ప్రొద్దుగుంకు వేళ గోదావరి మెట్లమీద కూర్చుండినచో ఆ దినము నిండినట్లే.

మూడవ దినము సుమారు 12 కిలోమీటర్ల దూరముననున్న సిరిసిల్లకు పోవలెను. ఊరిలో ప్రవేశించుటకు ముందే మరమగ్గముల చప్పుడు వినబడును. వీనినే అచ్చటివారు సాంచెలందురు. 2017 మొదలు కొన్ని సంవత్సరములు బతుకమ్మ పండుగకు ప్రభుత్వము స్త్రీలకు పంచిన చీరలు ఎక్కువగా ఇచ్చట నేసినవే. యజమానిని అడిగినచో లోనికి రానిత్తురు. మనము కట్టుకొను బట్ట ఎంతమంది చేతులమీదుగా వచ్చునో చూచిన పిల్లవాడు చొక్కా చింపుకొనుటకు కొంచెము వెనుదీయును.

సిరిసిల్లకును వేములవాడకును దిగువన మానేరుమీద మధ్యమానేరు ఆనకట్ట కట్టబడినది. ఆ జలాశయమునకు రాజరాజేశ్వరుని పేరే పెట్టిరి. కనుచూపు మేర నీరు. గాలి వీచినప్పుడు చిన్న అలలు లేచి ఒడ్డును తాకును. సముద్రము లేని సీమకు ఇది సముద్రమే. అయితే ఒడ్డున నిలిచినవారు రుద్రారము, అనుపురము, సంకెపల్లి, కొదురుపాక వంటి ఊళ్ళను ఒకసారి తలచుకొనవలెను. వారి ఇండ్లు, పొలములు ఈ నీటి అడుగుననే ఉన్నవి. లోతు తెలియని నీరు గనుక ఈదుటకు దిగరాదు. చూచి ఆనందించుటయే క్షేమము.

కామారెడ్డి నుండి సిరిసిల్ల మీదుగా వచ్చు బాట కరీంనగరు చేరకముందు, మానేటి ఒడ్డున ఎలగందుల కోట కనబడును. కరీంనగరు పెద్దది కాకముందు జిల్లాకు ముఖ్యపట్టణము ఈ ఎలగందులయే. కోటమీది మసీదునకు రెండు మీనారులున్నవి. పైకి ఎక్కినచో నది, దిగువమానేరు జలాశయము ఒక్క చూపున కనబడును. కరీంనగరులో వెండితీగ నగిషీపని చేయువారి దుకాణములు చూడదగినవి. సన్నని వెండి తీగలను మెలివేసి, ఆకులుగా, పూలుగా అల్లి అతికెదరు. 2007లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు లభించినది. పన్నీరు బుడ్డి కొనలేనివారు చిన్న కుంకుమభరిణె కొనవచ్చును. తిరుగు ప్రయాణమునకు ముందు సర్వపిండియు, జొన్నరొట్టెయు రుచిచూడకపోవుట లోపమే అగును.

ఈ చూడదగిన వానిలో గుడులకు కాపలా కలదు, ఆదాయము కలదు. ఆనకట్టను ప్రభుత్వము చూచుకొనును. ఎవరును చూడనిచో నశించునది బొమ్మలగుట్ట వంటిది. కరీంనగరు ప్రాంతపు నల్లరాయికి దేశాంతరములలో గిరాకి ఉండుటచే ఇచ్చటి గుట్టలు ఎన్నియో కళ్ళముందే తరిగిపోయినవి. గ్రానైటు గనుల భయము శాసనమున్న ఈ గుట్టకును తప్పలేదు. చట్టములు ఉన్నవి, కాని చట్టము కదలుటకు ముందు ఫిర్యాదు చేయువాడు ఉండవలెను, అతనికి ఆ రాతి విలువ తెలిసి ఉండవలెను. ఏటేటా వచ్చు లక్షల మంది యాత్రికులలో నూటికి ఒక్కడైనను ఆ గుట్ట ఎక్కుచున్నచో అక్కడికి బాట పడును, బాట పడినచో ఒక బల్లయు, ఒక కావలివాడును వచ్చెదరు, ఊరివారికి నాలుగు డబ్బులు దొరకును.

వచ్చే సెలవులకు రాజన్న మొక్కు ఉన్నవారు ఇంటిలో కూర్చుండి ముందే ఈ మూడు దినముల ఏర్పాటు చేసికొందురు గాక. వేములవాడలో బస సోమవారమునకు కష్టము, మంగళవారము నుండి సులభము. మొదటి పూట మొక్కు తీర్చుకొని, మిగిలిన దినములలో కురిక్యాలకు ఒక ఉదయమైనను తప్పక ఉంచుకొనవలసినదిగా మా మనవి.