గేదెల రక్తపరీక్ష: చీటీలోని అంకెల తాత్పర్యము

గేదె ఈని ఆరు మాసములైనను ఎదకు రాకున్నను, రెండు మూడు పర్యాయములు సూది వేయించినను చూడి నిలువకున్నను, రైతు మొదట దానిని సంతకు తోలుటకే యాలోచించును. సంతలో నట్టి గేదెకు పాడిధర రాదు. మాంసపు ధరయే వచ్చును. అమ్మిన పిమ్మట నది చూడిగేదె యని తెలియవచ్చిన సందర్భములును లేకపోలేదు. ఇట్టి నష్టమును తప్పించుటకు నేడు పశువైద్యుల చేతిలోనున్న సాధనములలో, ప్రొజెస్టెరోను అను హార్మోనును రక్తములో కొలుచు పరీక్ష యొకటి. పరీక్ష చేయించువారు కొందరున్నారు గాని, ప్రయోగశాలవారిచ్చిన చీటీని చేతబట్టుకొని “0.3 అని వ్రాసినారు, ఇది మంచిదా చెడ్డదా?” యని యడుగువారే వారిలో నెక్కువ. అది మంచిదియు కాదు, చెడ్డదియు కాదు. ఆ రక్తమును ఏ దినమున తీసిరో తెలిసినగాని యా యంకెకు అర్థము లేదు. ఈ సంగతిని సభ్యులకు విశదపరచుటకే యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

హార్మోను అనగా శరీరములో నొకచోట పుట్టి, రక్తముతో ప్రవహించి, వేరొకచోట పని చేయించు ద్రవ్యము. గేదె సుమారు 21 దినముల కొకసారి ఎదకు వచ్చును. ఎద ముగిసిన పిమ్మట అండాశయమునుండి అండము విడివడును. అండము విడిచిన తావున నొక చిన్న ముద్ద పెరుగును. దానికి కార్పస్ లూటియమ్ అని పేరు. లాటిను భాషలో పచ్చని ముద్ద యని యర్థము. ఆవులలో నిది నిజముగనే పసుపువన్నెగ నుండును. గేదెలలో నా వన్నె కానరాదు. పేరు పెట్టినవారు గేదెను చూచి పెట్టియుండరు. ప్రొజెస్టెరోనును స్రవించునది యీ ముద్దయే.

ఈ ద్రవ్యము చేయు పనులు ముఖ్యముగ రెండు. గర్భకోశమును పిండము నిలుచుటకు అనువుగ సిద్ధపరచుట యొకటి; తాను హెచ్చుగనున్నంతకాలము గేదెను మరల ఎదకు రానీయకుండుట రెండవది. చూడి నిలువనిచో, సుమారు 16 మొదలు 18 దినములకు గర్భకోశమే ప్రోస్టాగ్లాండిను అను వేరొక ద్రవ్యమును విడిచి యా ముద్దను కరగించును. ముద్ద కరగగనే ప్రొజెస్టెరోను తగ్గును, రెండు మూడు దినములలో ఎద వచ్చును. చూడి నిలిచినచో పిండమిచ్చు సంకేతముచేత ముద్ద కరగక నిలిచిపోవును. ప్రొజెస్టెరోను హెచ్చుగనే యుండును. పరీక్షయొక్క కీలకమంతయు నిందులోనే యున్నది.

చీటీలో నీ కొలత సామాన్యముగ మిల్లీలీటరునకు ఇన్ని నానోగ్రాములని యుండును. నానోగ్రామనగా గ్రాములో నూరుకోట్ల వంతు. ఎదలోనున్న గేదెకు ఇది 0.5 కంటె తక్కువగ నుండును. అయిదారు దినములు గడచునప్పటికి 1 దాటును. ఎదకు ఎదకు నడుమ 2 మొదలు 4 వరకు పోవుట సామాన్యము. ఆవులకంటె గేదెలలో నీ యంకెలు కొంత తక్కువ. కావున ఆవుల కొరకు వ్రాసిన పట్టికను గేదెకు పెట్టి “హార్మోను చాలదు” అనుట సరికాదు.

ఇంత స్వల్పమైన ద్రవ్యమును కొలుచుట యెట్లు సాధ్యమని కొందరికి సందేహము కలుగవచ్చును. రోసలిన్ యాలో, సాలమన్ బెర్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1959-60 ప్రాంతమున కనిపెట్టిన పద్ధతి దీనికి మూలము. బెర్సను 1972లో గతించెను. యాలో 1977లో నోబెల్ బహుమానమును పొందెను. ఆ పద్ధతిని పశువుల సంత పోలికతో చెప్పవచ్చును. ఒకచోట నూరు గుంజలు పాతియున్నవనుకొనుడు. గుర్తువేసిన పశువులు నూరు అక్కడికి తోలబడినవి. గుర్తులేని పశువులును కొన్ని అదే సమయమున వచ్చినవి. గుంజలు నూరే గనుక రెండు తెగలవారును పోటీపడి కట్టుకొందురు. తుదకు గుంజలవద్ద గుర్తువేసిన పశువులు తక్కువగ నున్నచో, గుర్తులేనివి హెచ్చుగ వచ్చినవని తెలియును గదా! గుంజలు ప్రతిరక్షకములు, గుర్తువేసినవి ప్రయోగశాలవారు కలిపిన హార్మోను, గుర్తులేనివి మన గేదె రక్తములోని హార్మోను. గుర్తునకు మొదట రేడియోధార్మిక పదార్థమును వాడిరి. నేడు పెక్కుచోట్ల రంగు పుట్టించు ద్రవ్యమును వాడుచున్నారు. ఈ రంగు పద్ధతిలో రంగు ముదురుగ వచ్చినచో హార్మోను తక్కువ, లేతగ వచ్చినచో హెచ్చు. రంగును కంటితో చూచి తారుమారుగ గ్రహించువారు గలరు గనుక దీనిని ప్రత్యేకించి చెప్పుచున్నాము.

ఇక అంకెలను చదువు విధము. సూది వేయించిన దినమునుండి 21 మొదలు 24 దినముల లోపల తీసిన రక్తములో ప్రొజెస్టెరోను తక్కువగ నున్నచో, గేదె చూడి కట్టలేదని దాదాపు నిశ్చయముగ చెప్పవచ్చును. హెచ్చుగ నున్నచో చూడి యగుటకు అవకాశము మెండు. అయినను నిశ్చయము కాదు. ఈ భేదమును రైతులు గట్టిగ జ్ఞాపకముంచుకొనవలెను. “లేదు” అని చెప్పునప్పుడు నమ్మదగిన పరీక్ష, “ఉన్నది” అని చెప్పునప్పుడు మరియొక సాక్ష్యమును కోరును. ఏలయన, ఎద కాని దినమున సూది వేయించియున్నచో లెక్క తప్పును. గర్భకోశములో చీము నిలిచినప్పుడును ముద్ద కరగక ప్రొజెస్టెరోను హెచ్చుగనే యుండును. 24వ దినమున నున్న పిండము తరువాత చెడిపోవుటయు కలదు. కావున అల్ట్రాసౌండు యంత్రముతో నెల దాటిన పిమ్మటనో, వైద్యుడు చేయి పెట్టి రెండు నెలల ప్రాంతముననో చూచి చెప్పు మాటయే చూడి విషయమున తుదిమాట.

సూది వేయించు దినముననే రక్తము తీయించుట మరియొక యుపయోగము. ఆనాడు అంకె తక్కువగ నుండవలెను. హెచ్చుగ నున్నచో గేదె నిజముగ ఎదలో లేదన్నమాట, లేదా అదివరకే చూడిదై యుండును. మాటిమాటికి తిరిగి పొర్లుచున్న గేదెల విషయమున దోషము గేదెది కాక మన దినగణనది యని యీ పరీక్షవలన బయటపడుట కలదు. గేదె ఎద లక్షణములు ఆవుకు వలె స్ఫుటముగ నుండవు. ఒకదానిపై నొకటి యెక్కుట తక్కువ. అరపు, మాటిమాటికి మూత్రము పోయుట, తీగవలె సాగు జిగట అను గుర్తులు రాత్రివేళను తెల్లవారుజామునను కనబడి, పగలు మాయమగును. పాలు పితుకువాడు చీకటితో లేచి చూడనిచో ప్రయోగశాల యేమి చేయగలదు?

ఎదకే రాని గేదెకు ఒక్క పరీక్ష చాలదు. పది దినముల యెడముతో రెండుసార్లు రక్తము తీయింపవలెను. రెండును తక్కువగ నున్నచో అండాశయము పనిచేయుట లేదని యర్థము. ఇది వేసవిలోను, మేత చాలక డొక్కలు పోయిన గేదెలలోను హెచ్చు. ఈనిన మొదటి నెలన్నర, రెండు నెలలలో నిట్లుండుట సహజమే గనుక అప్పుడు పరీక్షకు డబ్బు వెచ్చింపనక్కరలేదు. ఒకటి హెచ్చు, ఒకటి తక్కువగ నున్నచో గేదె ఎదకు వచ్చుచునే యున్నది. మనము చూచుట లేదు. దీనినే మూగ ఎద యందురు. ఇట్టి దానిని గొడ్డుదని యమ్మివేయుట కన్న నష్టమైన బేరము లేదు. మూడు ఎదలు చూడక విడిచినచో తరువాతి ఈత 63 దినములు వెనుకబడును. ఆ దినముల దాణా, మేత, పనివాని కూలి రైతు చేతినుండియే పోవలెను.

రెండును హెచ్చుగ నున్నప్పుడు మిక్కిలి జాగరూకత యవసరము. గేదె చూడిది కావచ్చును. గర్భకోశములో చీము కావచ్చును. లేక యే వ్యాధియు లేక ఆరవ దినమునను పదునారవ దినమునను రక్తము తీయుట తటస్థించి రెండును హెచ్చుగ వచ్చియుండవచ్చును. అంకె యీ మూటిని వేరుపరుపజాలదు. ముద్దను కరగించి మూడు మొదలు అయిదు దినములలో ఎద తెప్పించుటకు ప్రోస్టాగ్లాండిను సూదిమందు కలదు. మూగ ఎద గేదెకు అది మేలైన మందే. అదే మందు చూడిగేదెకు పడినచో దూడ ఈచుకొనిపోవును. కావున చీటీలో అంకె హెచ్చుగ నున్నదని చెప్పి, వైద్యుడు గర్భకోశమును పరీక్షింపకముందే ఎవరైనను ఆ మందు వేయ వచ్చినచో, పలుపు వారి చేతికి ఇయ్యకుడు. రెండంకెలును తక్కువగ నున్న గేదెకును ఆ మందు పనికిరాదు. కరగించుటకు ముద్దయే లేదు గనుక సొమ్ము దండుగ. అట్టి గేదెకు మొదట కావలసినవి పచ్చిమేత, లవణ మిశ్రమము, నులిపురుగుల మందు, వేసవిలో నీడయు నీటిమడుగును. ఆ పిమ్మట వైద్యుని చికిత్స.

రక్తము తీయుటలోను, నిలువచేయుటలోను జరుగు అశ్రద్ధవలన అంకె తప్పుట కలదు. మెడ సిరనుండి తీసిన రక్తమును ఎండలో సంచిలోనుంచి మధ్యాహ్నమువరకు త్రిప్పినచో, ఎఱ్ఱకణములు ప్రొజెస్టెరోనును మార్చివేయును. ఆవుల రక్తములో నిది బాగుగ పరీక్షింపబడిన సంగతి. అప్పుడు చూడిపశువు గూడ చీటీలో వట్టిదిగ కనబడును. తీసినవెంటనే మంచులో నుంచి, ఎఱ్ఱకణములనుండి తేటను త్వరగ వేరుపరుపవలెను.

కొందరు సభ్యులు పట్టణములో మనుష్యులకు పరీక్షలు చేయు శాలకు గేదె రక్తమును పంపుచున్నారు. ప్రొజెస్టెరోను అను ద్రవ్యము స్త్రీకిని గేదెకును ఒక్కటే గనుక కొలత రావచ్చును. కాని ఆ చీటీలో ప్రక్కన అచ్చువేసి యుండు హద్దులు స్త్రీలవి. వానితో గేదెకు నిమిత్తము లేదు. మరియు కొన్ని శాలలు నానోగ్రాములలో కాక నానోమోల్ అను వేరు మానములో వ్రాయుదురు. ఒక నానోగ్రాము అందులో 3.18 అగును. ఈ భేదము నెరుగక చదివినచో 0.4 అను ఎద అంకె 1.27గ కనబడి, చూడి యను భ్రమ కలిగించును. అంకెకంటె ముందు మానమును చదువుడు.

పాలలోను ఈ హార్మోనును కొలువవచ్చును. ఇది కొవ్వులో కరగు ద్రవ్యము గనుక, వెన్న హెచ్చుగల కడపటి పాలలో నెక్కువగను, మొదటి ధారలలో తక్కువగను ఉండును. కావున రెండుసార్లు పంపునప్పుడు రెండుసార్లును ఒకే రీతి పాలను పంపవలెను; ఒకనాడు మొదటి ధారలు, ఒకనాడు పొదుగు అడుగు పాలు పంపిన పరీక్ష పనికిరాదు.

సీసాపై గేదె చెవికమ్మ మీది 12 అంకెల సంఖ్య, రక్తము తీసిన తేదీ, గడియ, కడపటి ఈత తేదీ, కడపటి సూది తేదీ వ్రాయింపుడు. సూది తేదీ జ్ఞాపకము లేనివారు, ఈ నెలనుండియైనను దొడ్డి గోడపై బొగ్గుతో వ్రాసియుంచినచో వచ్చు పరీక్షకు అక్కరకు వచ్చును.