డబ్బామీద రంగు వేరు, లారీమీద రంగు వేరు



1958లో కేరళలో గోధుమపిండి తిని వందమందికి పైగా చనిపోయారు. పిండిలో దోషం లేదు. ఓడలో ఆహారపు బస్తాలను పారాథియాన్ అనే పురుగుమందుతో కలిపి తెచ్చారు. మందు కారి బస్తాలకు పట్టింది. 1968లో పురుగుమందుల చట్టం రావటానికి ఆ దుర్ఘటనే దారితీసింది.

ప్రమాదకరమైన సరుకును రవాణా కొరకు తరగతులుగా విభజించేటప్పుడు ముఖ్యంగా చూసేది ఇది: దారిలో పగిలినా, కారినా, తడిసినా ఆ సరుకు ఏమి చేస్తుంది? ఐక్యరాజ్యసమితి పద్ధతిలో తరగతులు తొమ్మిది. పేలుడు పదార్థాలు మొదటిది, వంటగ్యాసు రెండవది, పెట్రోలు, డీజిలు మూడవది. అన్నీ వల్లెవేయ పనిలేదు. మనకు కావలసింది 6.1, అనగా విషములు. పురుగుమందులు అనేకం ఇందులో చేరును. మంటకు అంటుకొనే ద్రావకంలో కలిపిన మందుకు మూడవ తరగతి గుర్తు కూడా వుంటుంది.

ఇక్కడొక చిక్కున్నది. మందుడబ్బామీదా, లారీమీదా గుర్తు ఒకే ఆకారం, మూలమీద నిలబెట్టిన చదరం. రంగుల అర్థం మాత్రం వేరు. డబ్బామీద ఎరుపు అత్యంత విషము. ఆ తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ వరుసగా తగ్గుతూ పోతాయి. లారీమీద ఎరుపంటే మంట. పసుపంటే మంటను ఎగదోసే సరుకు, అమ్మోనియం నైట్రేటు వంటిది. ఆకుపచ్చ, మండని వాయువు. విషానికి తెల్లని గుర్తు, దానిమీద పుర్రె, ఎముకలు.

నీలం సంగతి ప్రత్యేకించి చెప్పాలి. డబ్బామీద అది మధ్యరకం విషం. లారీమీద, తడిస్తే ప్రమాదమని అర్థం. ధాన్యం గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు చూడండి. చెమ్మ తగిలితే ఫాస్ఫీన్ వాయువు పుడుతుంది; అది ప్రాణం తీస్తుంది, అంటుకొంటుంది కూడా. అందుచేత వాటికి ముందు 4.3 తరగతి, విషమన్నది ఆ వెనుక. అట్టి లారీ బోల్తాపడితే నీళ్ళు చల్లబోకండి. గాలి వచ్చేవైపున దూరంగా నిలబడి, లారీ పలకమీది పేరూ, నాలుగంకెల సంఖ్యా కనబడితే చదివి 101కు చెప్పండి.

మరి మన ట్రాక్టరు ట్రక్కుమీద రెండు డబ్బాలకు ఏ గుర్తూ అంటించరు. అయినా 1971 నాటి పురుగుమందుల నియమాల ప్రకారం మందు ఆహారపదార్థాలకు గాని, పశువుల దాణాకు గాని తగిలేటట్లు తీసుకుపోరాదు. తవుడు బస్తాల సందున డబ్బా ఇరికించటం మన ఊళ్ళలో మామూలే! అట్లా చేయక, వేరే పెట్టెలో మూతపైకి వుండేటట్లు నిలబెట్టి కట్టండి. కారితే పొడి మట్టి చల్లి ఎత్తివేయవలెను. కాలువ గట్టున కడగకూడదు. మందు తడిసిన తవుడును ఎండబెట్టి గేదెలకు పెట్టవద్దు.