చూసినదే చెప్పాలి: రాగె ఒమార్ పాత్రికేయ ప్రస్థానం

వార్త ఒక అమానతు. ఎక్కడో సుదూరాన జరిగినదాన్ని మనం కళ్లారా చూడలేము. చూసి వచ్చినవాని మాటను నమ్ముతాము. ఆ నమ్మకమే పాత్రికేయుని మూలధనం. నేడు మన ఇళ్లలో తెల్లవారింది మొదలు రాత్రి పడుకునే వరకు టీవీ తెర మీద, చేతిలోని ఫోను మీద వార్తలు కుప్పలుతెప్పలుగా వచ్చి పడుతున్నాయి. వాటిలో ఎన్నింటి వెనుక, నిజంగా అక్కడికి వెళ్లి, చూసి, విచారించి వచ్చిన మనిషి ఉన్నాడు? ఈ ప్రశ్న వేసుకున్నప్పుడు ఒక ముస్లిం పాత్రికేయుని జీవితాన్ని మన పాఠకుల ముందుంచాలని అనిపించింది. ఆయన సోమాలియాలో పుట్టి, బ్రిటన్‌లో పెరిగి, యుద్ధరంగాల నుండి వార్తలు పంపి, చివరకు ఆ దేశపు ప్రధాన రాత్రి వార్తలను చదివే స్థానానికి చేరిన రాగె ఒమార్.

రెండు నేలల బిడ్డ

రాగె ఒమార్ 1967 జూలై 19న సోమాలియా రాజధాని మొగదిషులో జన్మించారు. ఆయన కుటుంబం మూలాలు ఉత్తరాన ఉన్న హర్గీసా నగరంలో ఉన్నాయి. 1969లో సియాద్ బర్రే సైనిక తిరుగుబాటుతో అధికారాన్ని హస్తగతం చేసుకున్నాడు. ఒమార్ చిన్నతనంలోనే కుటుంబంతో బ్రిటన్ చేరారు. ఇంట్లో సోమాలీ మాట, ఇస్లామీయ సంప్రదాయం. గడప దాటితే ఆంగ్లేయుల పాఠశాల, వారి ఆటపాటలు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని న్యూ కాలేజీలో ఆధునిక చరిత్ర చదివారు.

1988లో హర్గీసా మీద సోమాలియా ప్రభుత్వ విమానాలే బాంబులు కురిపించాయి. నగరంలో చాలా భాగం శిథిలాల కుప్పగా మారింది. అప్పటికి ఒమార్ యువకుడు. పూర్వీకుల ఊరు కూలిపోతున్నప్పుడు దాని గురించి ప్రపంచం ఎంత తక్కువగా మాట్లాడుకున్నదో తెలిసిన తరం ఆయనది. ఎవరూ చూడని కష్టాన్ని చూపించేవాడు ఉండాలన్న అవసరం అటువంటి తరానికి వేరుగా బోధించనక్కరలేదు.

కుర్చీ కంటే ముందు కాలిబాట

వార్తలు చదివే యాంకర్‌ను చూసి మన పిల్లలు ముచ్చటపడతారు. మంచి దుస్తులు, వెలుగుల నడుమ కుర్చీ, గంభీరమైన స్వరం! ఆ కుర్చీ వెనుక ఉన్న దారి వారికి కనిపించదు. ఒమార్ ఆ దారిలో మొదటి అడుగు వేసింది ఒక చిన్న పత్రికలో. బ్రిటన్‌లోని నల్లజాతీయుల పత్రిక ‘ద వాయిస్’లో ఆయన శిక్షణ పొందారు. 1991లో ఇథియోపియా వెళ్లారు. మెంగిస్తు నియంతృత్వం కూలిపోయిన సంవత్సరం అది. అక్కడ స్థిరమైన జీతం లేకుండానే, ముఖ్యంగా బీబీసీ వరల్డ్ సర్వీస్ రేడియోకు వార్తలు పంపారు. ఆ తర్వాత లండన్ తిరిగివచ్చి బీబీసీలో ప్రొడ్యూసర్‌గా పనిచేశారు. అంటే ఇతరుల కథనాలను తెర వెనుక నుండి తీర్చిదిద్దే పని. అటుపిమ్మట దక్షిణాఫ్రికా కేంద్రంగా బీబీసీ ఆఫ్రికా ప్రతినిధి అయ్యారు.

కరస్పాండెంట్ పని వేరు, యాంకర్ పని వేరు. కరస్పాండెంట్ సంఘటన జరిగిన చోట నిలబడతాడు. అడుగుతాడు, లెక్కిస్తాడు, పోల్చుకుంటాడు, రెండు నిమిషాల్లో చెబుతాడు. యాంకర్ స్టూడియోలో కూర్చుని పదిచోట్ల నుండి వచ్చిన సమాచారాన్ని క్రమంలో పెట్టి, అడగవలసిన ప్రశ్న అడుగుతాడు. మొదటి పని చేసి రెండవ పనికి వచ్చినవానికి ఒక మేలు ఉంటుంది. తెరపై కనిపించే పొగ వెనుక ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో అతనికి తెలుసు.

బాగ్దాద్ రోజులు

2003 మార్చి 20న అమెరికా, బ్రిటన్ సేనలు ఇరాక్‌పై దండెత్తాయి. కడప, గోదావరి జిల్లాల నుండి కువైట్ వెళ్లి పనిచేసుకుంటున్నవారి కుటుంబాలకు ఆ రోజులు ఇంకా జ్ఞాపకమే. యుద్ధం జరుగుతున్నది పొరుగు దేశంలో. ఇక్కడి తల్లిదండ్రుల ప్రాణం టీవీ తెర మీద. ఆ సమయంలో బాగ్దాద్ నుండి బీబీసీకి వార్తలు అందిస్తున్నవారిలో ఒమార్ ఒకరు.

ఆ పని రెండు ఒత్తిళ్ల నడుమ సాగింది. ఇరాక్ ప్రభుత్వ పర్యవేక్షకులు పాత్రికేయుల వెంటే ఉండేవారు. వార్తలపై అధికారుల నిఘా ఉందని బీబీసీ ప్రేక్షకులకు తెలిపేది. మరోవైపు వందలాది పాత్రికేయులు అమెరికా, బ్రిటన్ సేనలతో కలిసి ప్రయాణిస్తూ, ఆ సైన్యాల రక్షణలోనే వార్తలు పంపేవారు. ఒక పక్షం నగరంలోని మరణాలను చూపించాలని కోరుతుంది, మరొక పక్షం విజయాలను చూపించాలని కోరుతుంది. నడుమ ఉన్న పాత్రికేయుడు తన కంటికి కనిపించినదాన్ని మాత్రమే చెప్పగలగడం సామాన్యమైన విషయం కాదు.

ఏప్రిల్ 8న విదేశీ పాత్రికేయులు బస చేసిన పాలస్తీన్ హోటల్‌పై అమెరికా ట్యాంకు గుండు పేల్చింది. రాయిటర్స్ కెమెరామన్ తరాస్ ప్రొట్సుక్, స్పెయిన్ టీవీ కెమెరామన్ హోసే కౌసో మరణించారు. అదే రోజు అమెరికా దాడిలో అల్ జజీరా ప్రతినిధి తారిఖ్ అయ్యూబ్ ప్రాణం కోల్పోయారు. మరుసటి రోజు ఫిర్దౌస్ కూడలిలో సద్దామ్ హుసేన్ విగ్రహం కూలింది. దాన్ని కూల్చింది అమెరికా సైనిక వాహనం. తెర మీద దగ్గరగా చూపించినప్పుడు జనసముద్రంలా కనిపించిన దృశ్యం, దూరం నుండి తీసిన చిత్రాలలో సగం ఖాళీగా ఉన్న కూడలి. కెమెరా ఎక్కడ నిలబెట్టారన్నదానిపై సత్యం రూపం ఎంతగా మారుతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు.

ఆ కొద్ది వారాల్లో ఒమార్ ముఖం బ్రిటన్‌లో ఇంటింటికీ పరిచయమైంది. ఆయన కథనాలు అమెరికాలోనూ ప్రసారమయ్యాయి. అక్కడి ఒక పత్రిక ఆయన రూపాన్ని మెచ్చుకుంటూ ముద్దుపేరు కూడా పెట్టింది. కీర్తి వచ్చింది. అక్కడితో తృప్తిపడి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరం మనకు ఉండేది కాదు.

తనకు వ్యతిరేకంగా సాక్ష్యం

జాన్ పిల్జర్ తీసిన ‘ద వార్ యూ డోంట్ సీ’ అనే డాక్యుమెంటరీ 2010లో విడుదలైంది. ఇరాక్ యుద్ధ సమయంలో పాశ్చాత్య మీడియా తన కర్తవ్యాన్ని ఎలా విస్మరించిందో అది విచారిస్తుంది. అందులో ఒమార్ మాట్లాడారు. అధికారులను ఇబ్బందిపెట్టే ప్రశ్నలను తాము గట్టిగా అడగలేకపోయామని ఒప్పుకున్నారు. బస్రా నగరం పట్టుబడిందన్న వార్త, అది పట్టుబడక ముందే పదే పదే ఎలా ప్రసారమైందో వివరించారు. ఇరవై నాలుగు గంటల వార్తా ప్రపంచంలో ఒకరి మాటను మరొకరు తిరిగి వినిపిస్తూ పోవడమే జరిగిందని ఆయన విమర్శ.

తనకు పేరు తెచ్చిన యుద్ధం గురించే ఈ మాట చెప్పడం చిన్న విషయం కాదు. దివ్యఖుర్ఆన్ అన్ నిసా సూరా 135వ ఆయతులో అల్లాహ్ విశ్వాసులను న్యాయంపై స్థిరంగా నిలబడమని, ఆ సాక్ష్యం తమకే, తమ తల్లిదండ్రులకే, బంధువులకే వ్యతిరేకమైనా వెనుదీయవద్దని ఆదేశించాడు. ఇతరుల తప్పును ఎత్తిచూపే సాక్షులు సమాజంలో కొల్లలు. తన పనిలోని లోపాన్ని లోకం ముందు ఒప్పుకునేవారు అరుదు.

ముస్లింగా, బ్రిటిషర్‌గా

2005 జూలై 7న లండన్ రైళ్లలో, బస్సులో జరిగిన పేలుళ్లలో 52 మంది అమాయకులు బలయ్యారు. రెండు వారాల తర్వాత మళ్లీ పేలుళ్లకు ప్రయత్నించి విఫలమైనవారిలో సోమాలియాలో పుట్టినవారూ ఉన్నారు. బ్రిటన్‌లోని ముస్లిం కుటుంబాలన్నీ అనుమానపు చూపులను ఎదుర్కొన్న కాలమది. 2006లో ఒమార్ ‘ఓన్లీ హాఫ్ ఆఫ్ మీ’ అనే పుస్తకం వెలువరించారు. ముస్లింగా, బ్రిటిష్ పౌరునిగా ఏకకాలంలో జీవించడం దాని విషయం. రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోమని అడిగే ప్రశ్నే తప్పుడు ప్రశ్న. ఈ దేశంలో మనకు కూడా ఆ ప్రశ్న కొత్తది కాదు.

అదే సంవత్సరం ఆయన బీబీసీ ఉద్యోగం వదిలి, అప్పుడే ప్రారంభమవుతున్న అల్ జజీరా ఇంగ్లిష్ చానల్‌లో చేరారు. సామాన్యుల జీవితాలను చూపే ‘విట్‌నెస్’ అనే డాక్యుమెంటరీ కార్యక్రమాన్ని నిర్వహించారు. విట్‌నెస్ అంటే సాక్షి.

దైవప్రవక్త (స) జీవితం తెరపై

మన పాఠకులకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది 2011 జూలైలో బీబీసీ టూ ప్రసారం చేసిన ‘ద లైఫ్ ఆఫ్ ముహమ్మద్’. మూడు భాగాల ఈ కార్యక్రమానికి ఒమార్ వ్యాఖ్యాత. దైవప్రవక్త ముహమ్మద్ (స) జీవితాన్ని పాశ్చాత్య ప్రేక్షకులకు పరిచయం చేసేటప్పుడు ఆయన రూపాన్ని గాని, నటులతో సన్నివేశాలను గాని చూపించలేదు. మక్కా నుండి మొదలుపెట్టి ఆ పవిత్ర జీవితం సాగిన చోట్లను అనుసరిస్తూ, చరిత్రను మాటలతో చెప్పారు. ముస్లిం విద్వాంసులతో పాటు ముస్లిమేతర పండితులకు, విమర్శకులకు కూడా మాట్లాడే అవకాశమిచ్చారు. విమర్శకుని మాటను దాచకుండా వినిపించి, చరిత్రనే జవాబు చెప్పనిచ్చే పద్ధతి అది. ధర్మ సందేశాన్ని ఇతరులకు అందించాలనుకునే మన యువతకు ఇందులో నేర్చుకోదగినది ఉంది. కోపంతో అరిచే గొంతు కంటే, తెలిసి చెప్పే గొంతు దూరం వెళుతుంది. అంతకుముందు హజ్రత్ ఈసా (అలై) మహిమలపై కూడా ఆయన బీబీసీకి ఒక కార్యక్రమం చేశారు.

రాత్రి పది గంటల వార్తలు

2013లో ఒమార్ ఐటీవీ న్యూస్‌లో చేరారు. అంతర్జాతీయ వ్యవహారాల ఎడిటర్‌గా దేశదేశాలు తిరుగుతూనే, ‘న్యూస్ ఎట్ టెన్’ వార్తలు చదివే యాంకర్లలో ఒకరయ్యారు. 2024 ఏప్రిల్ 26 రాత్రి వార్తలు చదువుతుండగా ఆయన అస్వస్థతకు గురయ్యారు. మాట తడబడుతున్నా కార్యక్రమం ముగించే వరకు కుర్చీ విడువలేదు. ప్రేక్షకులు ఆందోళన చెందారు. చికిత్స పొందిన తర్వాత ఆయన అందరికీ కృతజ్ఞతలు తెలుపుతూ, ఆ సమయంలో కార్యక్రమాన్ని పూర్తి చేయాలనే పట్టుదలతో ఉన్నానని చెప్పారు. శ్రమకు మెచ్చుకోవలసిందే. అయితే దేహం కూడా అల్లాహ్ ఇచ్చిన అమానతే. దాని హక్కును దానికి ఇవ్వాలని మన పిల్లలకు చెప్పడం మరచిపోకూడదు.

మన ఇంటి వరకు

ఈ జీవితం నుండి మన కుటుంబాలు గ్రహించవలసినవి రెండు. మొదటిది, పాత్రికేయ వృత్తి మన పిల్లలకు అందని ద్రాక్ష కాదు. ఇంజనీరింగ్, వైద్యం మాత్రమే చదువులన్న భావనతో భాష మీద, చరిత్ర మీద ప్రీతి గల పిల్లలను మనం వెనక్కు లాగుతున్నాము. మన గురించి ఇతరులు తప్పుగా చెబుతున్నారని బాధపడుతూనే, చెప్పగల బిడ్డను తయారుచేయకపోతే ఆ బాధకు అర్థం లేదు. తెలుగు చక్కగా రాయగల, ధైర్యంగా అడగగల అమ్మాయి, అబ్బాయి మన ఇళ్లలోనే ఉన్నారు. చిన్న పత్రికలో ఉద్యోగమైనా సరే, మొదటి అడుగు వేయనివ్వాలి.

రెండవది అందరికీ వర్తిస్తుంది. వార్త వస్తే విచారించి తెలుసుకోమని అల్ హుజురాత్ సూరా 6వ ఆయతు ఆదేశిస్తున్నది. తెలియక ఒక సముదాయానికి హాని చేసి, తర్వాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని హెచ్చరిస్తున్నది. ఫోనులో వచ్చిన సందేశాన్ని పదిమందికి పంపే ప్రతి వ్యక్తీ ఆ క్షణంలో ఒక వార్తాప్రతినిధే. శిక్షణ పొందిన పాత్రికేయులే పుకారును వార్తగా ప్రసారం చేసి, ఏళ్ల తర్వాత ఒప్పుకోవలసి వచ్చింది. మరి మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి! ఎవరు చూశారు, ఎక్కడ చూశారు, ఎప్పుడు చూశారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరకని వార్తను మన దగ్గరే ఆపివేద్దాం. అది మనవారికి అనుకూలమైన వార్త అయినప్పుడు మరింత గట్టిగా ఆపుదాం.