గీతలు చెప్పే తీర్పు

మన ఇంట్లోని పిల్లవాడి చేతికి కాగితం, పెన్సిలు ఇచ్చి ఒక దొంగ బొమ్మ గీయమని అడిగి చూద్దాం. మాసిన గడ్డం, గళ్ల లుంగీ, బుగ్గ మీద గాటు చాలావరకు కాగితం మీదికి వచ్చేస్తాయి. వీరుడి బొమ్మ గీయమంటే నున్నని తెల్లని ముఖం, విశాలమైన ఛాతీ ప్రత్యక్షమవుతాయి. ఆ పసివాడు నిజమైన దొంగను ఎన్నడూ చూసి ఉండడు. ఆ గడ్డం, ఆ లుంగీ తన సొంత దాదాకూ ఉన్నాయన్న సంగతి ఆ క్షణంలో అతనికి స్ఫురించదు. ఈ రూపాలను అతనికి నేర్పినవి అతను చూసిన బొమ్మలే.

బొమ్మల కథకు ఒక ఇబ్బంది ఉంది. నవలాకారుడు పాత్ర స్వభావాన్ని పది పుటలలో వివరించగలడు. చిత్రకారుడికి దొరికేది చిన్న గడి మాత్రమే. ఎంత మొరటుగా గీసిన ముఖమైనా చూసేవారికి ఏదో ఒక స్వభావాన్ని తెలియజేస్తుందని జెనీవాకు చెందిన రొడోల్ఫ్ టోప్ఫర్ 1845లోనే తన వ్యాసంలో వివరించారు. అమెరికా చిత్రకథకుడు విల్ ఐస్నర్ అయితే మూసరూపాలు ఈ కళకు తప్పనిసరి పనిముట్లని అంగీకరించారు. పాఠకుడు చూసీ చూడగానే గుర్తుపట్టాలి కదా!

అయితే ఆ పనిముట్టు ఎవరిని గాయపరుస్తుందన్నది అసలు ప్రశ్న. 1940లో మొదలైన తన ‘ది స్పిరిట్’ కథలలో ఐస్నర్ ఒక నల్లజాతి బాలుణ్ణి లావుపాటి పెదవులతో, మిడిగుడ్లతో నవ్వులాటకు గీశారు. అదే ఐస్నర్, తాను యూదుడు గనుక, డికెన్స్ నవలలోని ఫాగిన్ అనే యూదు దొంగను పాత చిత్రకారులు గీసిన తీరుకు నొచ్చుకుని 2003లో ఆ పాత్ర కథను మళ్లీ చెప్పారు. తన వారి ముఖం వికృతమైనప్పుడు కలిగే బాధ ఎటువంటిదో ఆయనకు తెలుసు.

ఆ బాధ ముస్లిం సమాజానికీ కొత్తది కాదు. 1992లో వచ్చిన డిస్నీ ‘అల్లాద్దీన్’ చిత్రంలో కథానాయకుడు నున్నని ముఖంతో అమెరికా కుర్రవాడిలా మాట్లాడతాడు. కత్తులు దూసే భటులకూ, సంత వ్యాపారులకూ మాత్రం పెద్ద ముక్కులు, గడ్డాలు, పరాయి యాస. అందరూ ఒకే ఊరివారే! అరబ్ అమెరికన్ల నిరసన తర్వాత 1993 వీడియో ప్రతిలో ఒక పాట పంక్తిని మార్చారు. పాట మారింది గాని ముఖాలు మారలేదు.

సదుద్దేశంతో గీసిన బొమ్మలోనూ అజాగ్రత్త దాగి ఉండవచ్చు. 2002లో మార్వెల్ సంస్థ ఎక్స్‌మెన్ కథలలో సురయ్యా ఖాదిర్ అనే అఫ్గాన్ యువతిని ప్రవేశపెట్టింది. ఆమె ఇసుక తుపానుగా మారగలదు. కానీ ఆమెకు తొడిగింది అఫ్గాన్ స్త్రీల జాలీ బుర్ఖా కాదు, నల్లని అబాయా, నిఖాబ్. పైగా కొందరు చిత్రకారులు ఆ అబాయాను ఒంటికి అతుక్కున్నట్టు గీశారు. వస్త్రధారణ ఉద్దేశమే అక్కడ తలకిందులైంది.

2014 ఫిబ్రవరిలో కమలా ఖాన్ కథ మొదలైంది. సంపాదకురాలు సనా అమానత్, రచయిత్రి జి. విల్లో విల్సన్ ఇద్దరూ ముస్లింలే. చిత్రకారుడు ఏడ్రియన్ ఆల్ఫోనా. కమలా జెర్సీ సిటీలో పాకిస్తానీ తల్లిదండ్రులతో నివసించే పదహారేళ్ల అమ్మాయి. రూపం మార్చుకునే శక్తి లభించగానే ఆమె మొదట ఏమవుతుంది? బంగారు జుట్టు, తెల్లని మేనుతో, తాను ఆరాధించే కథానాయికలా మారిపోతుంది. వీరత్వానికి అదొక్కటే ముఖమని ఆమెకు లోకం నేర్పింది మరి! అయితే ఆ అరువు రూపంలో ఆమెకు ఊపిరాడదు. చివరకు తన ముఖంతోనే, ఇంట్లో ఉన్న బుర్కినీని సవరించుకుని కుట్టిన దుస్తులతో ప్రజల ముందుకు వస్తుంది.

ఈ కథలో ఇతర పాత్రలూ గమనించదగినవే. స్నేహితురాలు నకియా హిజాబ్ ధరిస్తుంది. దానిని తీసేయమని కోరేది ఆమె తండ్రే. మస్జిద్‌లోని షేక్ అబ్దుల్లా గడ్డాన్ని చూసి పాఠకుడు కఠినమైన మందలింపును ఊహిస్తాడు. ఆయన మాత్రం కమలా మాట ఓపికగా విని, చేసే పనిని ధైర్యంతో, నిజాయితీతో, కరుణతో చేయమంటాడు. పాఠకుడి తొందరపాటు తీర్పు అక్కడ తేలిపోతుంది.

ఈ సంపుటికి 2015లో హ్యూగో పురస్కారం లభించింది. అదే ఏడాది జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో సిటీ బస్సుల మీద ముస్లిం వ్యతిరేక ప్రకటనలు వెలిసినప్పుడు, ఎవరో వాటి మీద కమలా బొమ్మను అంటించారు. ద్వేషాన్ని కప్పడానికి ఒక ముఖం పనికివచ్చింది.

కమలా మన ఇళ్లకు ఆదర్శమని మేము అనడం లేదు. ఆమె వ్యాపార సంస్థ సృష్టి. ఆమె నడవడిలో మనం అంగీకరించలేనివీ ఉన్నాయి. ఆమె కథ మనకు అందించేది ఒక ప్రశ్న: మనం ముఖాన్ని చూసి మనిషిని నిర్ణయిస్తున్నామా?

ఈ ప్రశ్న ఇతరులకే పరిమితం కాదు. తెరమీద లావుపాటి మనిషి జారిపడితే మనమూ నవ్వుతాం. నత్తివాడిని, నల్లని అమ్మాయిని ఎగతాళి చేసే దృశ్యాన్ని పిల్లలతో కూర్చుని చూస్తాం. పరిహాసాన్నీ, పేర్లు పెట్టి పిలవడాన్నీ, దురనుమానాన్నీ సూరా హుజురాత్ వారించిందని మనకు తెలుసు. మనలను అవమానించే బొమ్మను నిరసించే హక్కు, ఇతరులను అవమానించే బొమ్మ చూసి నవ్వని నాడే మనకు శోభిస్తుంది.

కాబట్టి పిల్లలతో కలిసి బొమ్మల పుస్తకం తెరిచినప్పుడు కాసేపు ఆగుదాం. “ఇతను చెడ్డవాడని నీకు ఎలా తెలిసింది బేటా? ఏం చేశాడు?” అని అడుగుదాం. పిల్లవాడు అతని ముఖాన్ని చూపిస్తే, కథలో అతను చేసిన పనిని వెతకమందాం. వీరుడి బొమ్మ మళ్లీ గీసేటప్పుడు అతనికి దాదా గడ్డమో, అమ్మీ దుపట్టానో గుర్తుకు రావచ్చు.