ఏ పనికి ఏ మైక్రోకంట్రోలర్?

మైక్రోకంట్రోలర్ అంటే ఒకే చిప్‌లో ఒదిగిన చిన్న కంప్యూటర్. లెక్కలు చేసే ప్రాసెసర్, ప్రోగ్రామును దాచే ఫ్లాష్ మెమరీ, పని నడుస్తున్నంతసేపు అంకెలు పెట్టుకునే ర్యామ్, కాలాన్ని కొలిచే టైమర్లు, బయటి పరికరాలను తగిలించే పిన్నులు అన్నీ అందులోనే ఉంటాయి. టీవీ రిమోట్‌లో, వాషింగ్ మెషీన్‌లో, ఇండక్షన్ పొయ్యిలో అది కంటికి కనబడకుండా పనిచేస్తూ ఉంటుంది. 1980లో ఇంటెల్ తెచ్చిన 8051 చిప్‌లో ప్రోగ్రాముకు 4 కిలోబైట్లు, ర్యామ్‌కు 128 బైట్లు మాత్రమే ఉండేవి. అంత ఇరుకు చోటులోనే ఎన్నో యంత్రాలు దశాబ్దాలపాటు నడిచాయి. ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో తెలుగు విద్యార్థులు ఏళ్ల తరబడి దానిమీదే ఓనమాలు దిద్దుకున్నారు. ఇప్పుడు దాని పక్కన ఏవీఆర్, పిక్, ఎస్‌టీఎం32, ఈఎస్‌పీ32, ఆర్‌పీ2040 అంటూ డజన్ల కొద్దీ కుటుంబాలున్నాయి. ఒక్కో కుటుంబంలో పదులు, వందల రకాల చిప్‌లు.

ఇన్నింట్లోంచి ఒకటి ఎంచుకోవాల్సినప్పుడు చాలామంది చిప్‌తోనే మొదలుపెడతారు. స్నేహితుడి దగ్గర ఉన్నదో, వీడియోలో చూసినదో ముందు కొంటారు, ఆ తర్వాత పనిని దానికి సర్దుతారు. మొదలు కావలసింది పనితో. పరికరం ఏం కొలవాలి, దేన్ని కదిలించాలి, ఎంత త్వరగా స్పందించాలి, కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది, ఎవరితో మాట్లాడాలి అన్నవి ముందు కాగితం మీదికి రావాలి. ఆ కాగితం నిండేసరికి సగం చిప్‌లు వాటంతట అవే పక్కకు తప్పుకుంటాయి.

ఉదాహరణకు బోరు మోటారుకు కాపలా కాసే పరికరాన్ని తీసుకోవచ్చు. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు తిరుగుతూ ఉంటే వైండింగు కాలిపోతుంది. బోరులో నీళ్లు అడుగంటితే మోటారు ఉత్తినే తిరిగి వేడెక్కుతుంది. ఈ రెండింటినీ కనిపెట్టి మోటారును ఆపాలి, రైతు ఫోన్‌కు కబురు పంపాలి, అతను పంపే మెసేజీకి మోటారును మళ్లీ నడపాలి. ఇప్పుడు లెక్క తేలుతుంది: ఫేజులు ఉన్నదీ లేనిదీ చెప్పడానికి మూడు పిన్నులు, మోటారు ఎంత కరెంటు లాగుతోందో కొలవడానికి ఒక అనలాగ్ పిన్ను, ఆన్, ఆఫ్ రిలేలకు రెండు, ఫోన్ మాడ్యూల్‌కు రెండు, చిన్న తెరకు రెండు, బటన్లకు ఒకటి రెండు. మొత్తం పదీ పన్నెండు.

అసలు మైక్రోకంట్రోలర్ కావాలా అన్నది కూడా అడగవలసిన ప్రశ్నే. ట్యాంకు నిండితే బజర్ మోగడానికి ఒక ట్రాన్సిస్టర్, నాలుగు రెసిస్టర్లు చాలు. ఇంకో కొసన, కెమెరా బొమ్మలో మనిషిని గుర్తుపట్టి వివరాలను డేటాబేసులో దాచే పనికి రాస్ప్‌బెర్రీ పై లాంటి లినక్స్ బోర్డు సులువు. అయితే ఆ బోర్డు పూర్తి కంప్యూటర్. మేలుకోవడానికే కొన్ని సెకన్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఉన్నట్టుండి కరెంటు పోతే దాని మెమరీ కార్డులోని ఫైళ్లు చెడిపోయే ప్రమాదం ఉంది. మైక్రోకంట్రోలర్ కరెంటు రాగానే సెకనులో చిన్న వంతులోనే పనిలోకి దిగుతుంది. రోజుకు పదిసార్లు కరెంటు పోయి వచ్చే పొలంలో ఈ ఒక్క తేడాయే ఎంపికను తేల్చేస్తుంది. 2021 జనవరిలో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో పేరులో పై ఉన్నా, అది మైక్రోకంట్రోలర్ బోర్డే. దాని గుండెలో ఉన్నది ఆర్‌పీ2040 చిప్.

పిన్నుల సంఖ్య ఒక్కటే చూస్తే మోసపోతారు. ఏ పిన్ను ఏ పని చేయగలదో చూడాలి. ఏటీమెగా328పీ చిప్‌తో పనిచేసే ఆర్డుయినో ఊనో బోర్డుకు 14 డిజిటల్ పిన్నులు, 6 అనలాగ్ పిన్నులు ఉన్నాయి. ఇరవై ఉన్నాయి కదా అనిపిస్తుంది. కానీ దానికి సీరియల్ పోర్టు ఒక్కటే, అదీ యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌తో మాట్లాడటానికి వాడుకుంటుంది. జీపీఎస్, ఫోన్ మాడ్యూల్ రెండూ కావాలంటే అక్కడ ఇరుకు మొదలవుతుంది. నాలుగు సీరియల్ పోర్టులున్న ఆర్డుయినో మెగా అప్పుడు పనికొస్తుంది. ఈఎస్‌పీ8266 అనే వైఫై చిప్‌కు అనలాగ్ పిన్ను ఒక్కటే. ఈఎస్‌పీ32లో కొన్ని పిన్నులు సంకేతాన్ని తీసుకోవడానికే తప్ప పంపడానికి పనికిరావు. కొన్ని పిన్నుల మీద కరెంటు వచ్చే క్షణంలో ఉన్న వోల్టేజీని బట్టి చిప్ ఎలా మేలుకోవాలో నిర్ణయమవుతుంది. వైఫై నడుస్తున్నప్పుడు దాని రెండు అనలాగ్ విభాగాల్లో ఒకటి పనిచేయదు. ఇవన్నీ డేటాషీట్‌లో ఉంటాయి. బోర్డు కొన్నాక కాక, కొనే ముందు చదవాలి.

వోల్టేజీ దగ్గర జరిగే తప్పు చిప్‌ను చంపేస్తుంది. ఊనో 5 వోల్టుల బోర్డు. ఈఎస్‌పీ32, పికో 3.3 వోల్టులవి. దూరాన్ని కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సర్ తిరిగి పంపే సంకేతం 5 వోల్టులది. దాన్ని నేరుగా 3.3 వోల్టుల పిన్నుకు తగిలించకూడదు. 1 కిలో ఓం, 2 కిలో ఓం రెసిస్టర్లు రెండు పెట్టి దాన్ని మూడింట రెండు వంతులకు దించితే ఇబ్బంది తీరుతుంది. కరెంటు సంగతీ అంతే. బజార్లో దొరికే మామూలు 5 వోల్టుల రిలే కాయిల్ 70 మిల్లీఆంపియర్లకు పైగా లాగుతుంది. ఏటీమెగా పిన్ను ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడని హద్దు 40 మిల్లీఆంపియర్లు, హాయిగా ఇవ్వగలిగేది అందులో సగం. మధ్యలో ట్రాన్సిస్టర్ తప్పదు. ఎంత ఖరీదైన చిప్ కొన్నా ఈ విషయంలో మార్పు ఉండదు.

కొలత ఎంత నాజూకుగా ఉండాలన్నది మరో ప్రశ్న. ఊనోలోని అనలాగ్ విభాగం 10 బిట్లది, అంటే 5 వోల్టులను 1,024 మెట్లుగా విడగొడుతుంది. ఒక్కో మెట్టు దాదాపు 4.9 మిల్లీవోల్టులు. ఎల్‌ఎం35 ఉష్ణోగ్రత సెన్సర్ డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది కాబట్టి అర డిగ్రీ తేడా తెలుస్తుంది. గది వేడి చూడటానికి అది చాలు. ఈఎస్‌పీ32లో 12 బిట్లున్నాయి, మెట్లు ఇంకా చిన్నవి. అయినా దాని కొలత అటు చివరా ఇటు చివరా సరళరేఖలో ఉండదు. బిట్లు ఎక్కువైనంత మాత్రాన కొలత నమ్మకమైనది కాదు. నాజూకైన తూకానికో, రసాయన కొలతకో అనలాగ్ సంకేతాన్ని అంకెలుగా మార్చే ఏడీసీ చిప్‌ను విడిగా పెట్టడమే మేలు.

మెమరీ లెక్క చాలామంది వేయరు, వేస్తే ఐదు నిమిషాల పని. ఏటీమెగా328పీకి ఫ్లాష్ 32 కిలోబైట్లు, ర్యామ్ 2 కిలోబైట్లు. 128 చుక్కల వెడల్పు, 64 చుక్కల ఎత్తు ఉన్న చిన్న ఓఎల్ఈడీ తెర బొమ్మను ర్యామ్‌లో ఉంచాలంటే 8,192 బిట్లు, అంటే 1,024 బైట్లు కావాలి. సగం ర్యామ్ అక్కడే అయిపోయింది. 320 బై 240 చుక్కల రంగుల తెరకు 1,53,600 బైట్లు కావాలి. అది ఊనోలో కలలో మాట. 264 కిలోబైట్ల ర్యామ్ ఉన్న ఆర్‌పీ2040లో పడుతుంది. శాశ్వతంగా దాచే చోటుకూ ఆయుష్షు ఉంది. ఏటీమెగాలోని ఈప్రామ్‌ను ఒక్కో చోట లక్షసార్లు తిరగరాయవచ్చు. నిమిషానికోసారి ఒకే చోట రాస్తే రోజుకు 1,440 సార్లు, 69 రోజుల్లో ఆ హద్దు చేరుతుంది. ఏళ్లతరబడి పనిచేయాల్సిన మీటరు తయారుచేసేవారు ఈ అంకెను గుర్తుపెట్టుకోవాలి.

వేగం గురించి అందరూ ముందు అడుగుతారు. దానికి అంత ప్రాధాన్యం అక్కర్లేదు. బోరు మోటారు కరెంటు సెకనుకు 50 ఆవర్తనాల ఏసీ. ఒక్కో ఆవర్తనంలో 40 చోట్ల కొలిచినా సెకనుకు 2,000 కొలతలే. 16 మెగాహెర్ట్‌జ్ ఊనో మామూలు పద్ధతిలోనే సెకనుకు దాదాపు 9,000 కొలతలు తీసుకోగలదు. 240 మెగాహెర్ట్‌జ్ వేగంతో పరిగెత్తే రెండు కోర్ల ఈఎస్‌పీ32 అక్కడ ఖాళీగా కూర్చుంటుంది. ధ్వనిని విశ్లేషించడం, డ్రోన్‌ను నిలకడగా ఉంచడం, దశాంశాలతో గట్టి లెక్కలు చేయడం లాంటి పనులకే నిజంగా వేగం కావాలి. అప్పుడు దశాంశాల లెక్కకు ప్రత్యేక విభాగం ఉన్న ఎస్‌టీఎం32 చిప్‌ల వైపు చూడాలి.

బ్యాటరీ మీద నడిచే పరికరానికి మాత్రం కరెంటు వాడకమే అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. దీన్ని అంచనాతో కాకుండా అంకెలతో తేల్చాలి. పొలంలో నేల తేమను అరగంటకోసారి కొలిచి వైఫై మీద పంపే పరికరం ఉందనుకుందాం, బ్యాటరీ 2,000 మిల్లీఆంపియర్ అవర్లది. ఈఎస్‌పీ32 ప్రతిసారీ 5 సెకన్లు మేలుకుని సగటున 120 మిల్లీఆంపియర్లు వాడితే, రోజుకు 48 సార్లకు 240 సెకన్లు, అంటే 8 మిల్లీఆంపియర్ అవర్లు. మిగతా సమయమంతా గాఢనిద్రలో 10 మైక్రోఆంపియర్లే వాడితే అది రోజుకు పావు మిల్లీఆంపియర్ అవర్ కూడా కాదు. ఈ లెక్కన బ్యాటరీ ఎనిమిది నెలలు వస్తుంది. అదే చిప్‌ను నిద్రపుచ్చకుండా మేలుకునే ఉంచితే ఒక్క రోజు కూడా రాదు.

అయినా ఈ లెక్క నమ్మి బజారు బోర్డు కొన్నవారికి బ్యాటరీ వారం దాటగానే ఖాళీ అయిపోవచ్చు. తప్పు చిప్‌ది కాదు. బోర్డు మీద ఎప్పుడూ వెలిగే ఎర్ర దీపం, యూఎస్‌బీ చిప్, వోల్టేజీని దించే రెగ్యులేటర్ తమ వంతు తాగుతూనే ఉంటాయి. చవక బోర్డుల్లో కనిపించే 1117 రకం రెగ్యులేటర్ ఏ పనీ లేనప్పుడు కూడా దాదాపు 5 మిల్లీఆంపియర్లు వాడుతుంది. అన్నీ కలిపి 10 అయితే రోజుకు 240 మిల్లీఆంపియర్ అవర్లు. నిద్రలో చిప్ వాడేదానికి అది వెయ్యి రెట్లు. కాబట్టి బ్యాటరీ పరికరానికి చిప్‌ను ఎంచితే సరిపోదు, బోర్డును కూడా ఎంచాలి, లేదా చిప్‌ను విడిగా తీసుకుని సొంత బోర్డు మీద పెట్టుకోవాలి.

రేడియో విషయంలో దూరమే తీర్పరి. వైఫై ఇంటి పరిధి దాటితే నమ్మలేం. కిలోమీటరు అవతలి పొలానికి లోరా అనే దూరపు రేడియో సరిపోతుంది. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్‌జ్ పౌనఃపున్యాన్ని లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. ఫోన్ మాడ్యూల్ పెడితే అది ఏ తరం నెట్‌వర్కుతో మాట్లాడుతుందో చూసుకోవాలి. చవకగా దొరికే సిమ్800 కుటుంబం 2జీ మీదే పనిచేస్తుంది. జియోకు 2జీ నెట్‌వర్కు లేదు కనుక ఆ సిమ్ అందులో పనికిరాదు. పైగా ఆ మాడ్యూల్ సిగ్నల్ పంపే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. బలహీనమైన సరఫరా ఉంటే అదే క్షణంలో మైక్రోకంట్రోలర్ కూడా రీసెట్ అవుతుంది. కారణం తెలియక ప్రోగ్రాములో తప్పు వెతుకుతూ రోజులు పోగొట్టుకున్నవారు ఎందరో.

పరికరం ఉండే చోటు కూడా చూడాలి. మే నెలలో రామగుండంలోనో, రెంటచింతలలోనో ఎండలో ఉన్న ఇనుప స్టార్టర్ డబ్బా లోపల వేడి బయటి గాలికన్నా ఎంతో ఎక్కువ. 70 డిగ్రీల దాకానే హామీ ఇచ్చే విడిభాగం అక్కడ పెట్టరాదు. మైనస్ 40 నుంచి 85 డిగ్రీల తరగతి తీసుకోవాలి. మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టర్ పడినప్పుడల్లా పుట్టే విద్యుత్ అలజడికి చిప్ బిగుసుకుపోతే దాన్ని మళ్లీ లేపే వాచ్‌డాగ్ టైమర్ ఉండాలి, దాన్ని ప్రోగ్రాములో వాడాలి కూడా. ఈనాటి చిప్‌లలో దాదాపు అన్నింటిలో అది ఉంటుంది.

చివరగా దొరకడం, నేర్చుకోవడం. కాగితం మీద ఎంత గొప్ప చిప్ అయినా హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలోనో, ఆన్‌లైన్‌లోనో తేలిగ్గా దొరకకపోతే ప్రాజెక్టు ఆగుతుంది. 2021లో ప్రపంచమంతా చిప్‌ల కొరత వచ్చినప్పుడు ఒకే చిప్‌ను నమ్ముకున్న కంపెనీలు బోర్డులను కొత్తగా గీయాల్సి వచ్చింది. ఒకే పిన్నుల అమరికతో చిన్నా పెద్దా రకాలున్న కుటుంబాన్ని ఎంచుకుంటే ఆ బాధ కొంత తగ్గుతుంది. ఏటీమెగా48, 88, 168, 328 ఇలాంటివే. బ్లూ పిల్ పేరుతో అమ్మే చవక బోర్డుల్లో అసలు ఎస్‌టీఎం32 బదులు నకలు చిప్‌లు రావడం కొత్తేమీ కాదు, నమ్మకమైన చోట కొనాలి. ఇక కొత్తగా మొదలుపెట్టేవారికి ఆర్డుయినో పద్ధతిలో దొరికే ఉదాహరణల సంపద ఏ మెగాహెర్ట్‌జ్ కన్నా విలువైనది.

బోరు మోటారు కాపలాకు ఈ కాగితమంతా చూశాక తేలేది ఇదీ: ఏటీమెగా328పీ చాలు. ఫోన్ కోసం ఒక 4జీ మాడ్యూల్, దానికి బలమైన విడి సరఫరా, రిలేలకు ట్రాన్సిస్టర్లు కావాలి. ఉన్న ఒక్క సీరియల్ పోర్టును ఆ మాడ్యూల్‌కే ఇవ్వాలి. మోటారు ఇంటి వైఫై అందేంత దగ్గర్లో ఉంటే ఫోన్ మాడ్యూల్ ఖర్చు మిగులుతుంది, అప్పుడు ఈఎస్‌పీ32 సరైనది.